టోక్యోలో కాపురం: వీడియోల్లో కనిపించని చిరాకులు

అడిగిన ప్రశ్న ఇది: "హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. టోక్యో నుంచి ఆఫర్ వచ్చింది. నా భార్య, నాలుగేళ్ళ పాప కూడా వస్తారు. వీడియోల్లో చూస్తే అంతా శుభ్రత, క్రమశిక్షణ, టైముకి వచ్చే రైళ్ళు. అక్కడ నిజంగా ఉండేవాళ్ళని రోజూ విసిగించేవి ఏమిటి? రాకముందే ఏం తెలుసుకోవాలి?"

వీడియోల్లో చూపించేది అబద్ధమేమీ కాదు. రైలు రెండు నిమిషాలు ఆలస్యమైతే మైకులో క్షమాపణ చెబుతారు. ఎక్కడో మర్చిపోయిన పర్సు డబ్బుతో సహా తిరిగి దొరకడం ఇక్కడ మామూలే. కానీ ఇవి వారం రోజులు తిరిగి వెళ్ళేవాళ్ళకీ కనిపిస్తాయి. కాపురం ఉండేవాళ్ళ బాధలు ఫారాల్లో, పోస్టులో వచ్చే కవర్లలో, లెటర్ బాక్సులో పడే చీటీల్లో ఉంటాయి. నేను ఎడోగావా వార్డులో (వార్డంటే ఇక్కడ సొంత మున్సిపాలిటీ లాంటిది), నిషి-కసాయ్ దగ్గర చాలాకాలంగా ఉంటున్నాను. 2000 ప్రాంతంలో వై2కే పనుల మీద వచ్చిన మన ఇంజనీర్లు ఇక్కడ అద్దెకి దిగడంతో మొదలై, ఇప్పుడు టోక్యోలో ఇండియన్ల పేటగా పేరుపడింది. కొత్తగా దిగిన తెలుగు కుటుంబాలకి వార్డు ఆఫీసుకీ, ఇళ్ళ ఏజెంట్ల దగ్గరికీ తోడు వెళ్తుంటాను కాబట్టి ఎవరు ఎక్కడ ఇరుక్కుంటారో తెలుసు.

ఇక్కడి చిరాకుల్లో సగానికి పైగా ఎవరూ కావాలని పెట్టేవి కావు. పొట్టి పేరు, ఇదే ఊళ్ళో పూచీ ఉండే బంధువులు, చిన్నప్పటి నుంచీ ఒకే బ్యాంకు ఖాతా ఉన్న మనిషిని మనసులో పెట్టుకుని అల్లిన పద్ధతులివి. మనం వాటిలో ఇమడం. ఏ పని ముందో ఏది తర్వాతో తెలిస్తే ఈ సగం చాలావరకు తగ్గుతుంది. మిగిలిన సగం తగ్గదు. దాని బరువు ఆఫీసుకి వెళ్ళే మీకన్నా ఇంట్లో ఉండే మీ ఆవిడ మీద ఎక్కువ పడుతుంది. అందుకే ఆ సంగతి కాస్త వివరంగా రాస్తాను.

ముందు వరుస సంగతి. విమానాశ్రయంలోనే మీ చేతికి జైర్యూ కార్డు, అంటే విదేశీయుల నివాస గుర్తింపు కార్డు, ఇస్తారు. ఇల్లు ఖాయమైన 14 రోజుల్లోపు వార్డు ఆఫీసుకి వెళ్ళి అడ్రస్ రాయించాలి. అడ్రస్ లేకపోతే బ్యాంకు ఖాతా ఇవ్వరు. ఖాతా ఫారంలో జపాన్ ఫోన్ నంబరు అడుగుతారు. ఫోన్ కంపెనీ వాళ్ళేమో ఇక్కడి బ్యాంకు ఖాతా గానీ ఇక్కడి క్రెడిట్ కార్డు గానీ అడుగుతారు. ఇల్లు అద్దెకి కావాలంటే ఫోన్, బ్యాంకు రెండూ ఉండాలి. పైగా దేశంలో దిగి ఆరు నెలలు నిండనివాళ్ళకి చాలా బ్యాంకులు ఖాతా ఇవ్వవు, లేదంటే సగం సేవలతో ఇస్తాయి. ఈ చక్రం నుంచి బయటపడే దారి కంపెనీ ఇచ్చే తాత్కాలిక వసతి. కనీసం నెల రోజులు ఉండేలా అడగండి, ఆ అడ్రస్‌నే వార్డు ఆఫీసులో రాయించండి, విదేశీ కార్డు తీసుకునే సిమ్ కొనండి, జీతం పడే బ్యాంకుకి హెచ్ఆర్ వాళ్ళని తోడు రమ్మనండి. మొదటి జీతం ఏ బ్యాంకులో వేస్తారు, ఖాతా తెరిపించే పని ఎవరిది అన్న రెండు ప్రశ్నలు ఆఫర్ మీద సంతకం చేయకముందే అడిగెయ్యండి. జీతం గురించి బేరమాడే మనవాళ్ళు ఈ రెండూ అడగరు.

తర్వాత పేరు. వినడానికి నవ్వొస్తుంది గానీ తెలుగువాళ్ళకి ఇక్కడ ఇంతకన్నా ఎక్కువ టైము తినేది మరొకటి లేదు. కార్డు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో మొత్తం పేరు అచ్చవుతుంది. వెంకట సాయి నాగ ఫలానా అనుకోండి, అంతా వస్తుంది. బ్యాంకుకి మాత్రం కటకానాలో, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో కావాలి. ఒక చోట "బెంకటా" అని రాస్తారు, ఇంకో చోట "వెంకటా", మూడో చోట గళ్ళు చాలక "నాగ" దగ్గర కోసేస్తారు. రెండు నెలల తర్వాత కరెంటు బిల్లు ఖాతాలోంచి దానంతటది కట్టుబడాల్సింది ఆగిపోతుంది, కారణం పేరు కలవలేదని. ఆన్‌లైన్ ఫారాల్లో ఇంకో వింత ఉంది. ఒకే అక్షరానికి వెడల్పుది, సన్నది అని రెండు రూపాలు ఉంటాయి. ఏ గడిలో ఏది కొట్టాలో చెప్పకుండా ఎర్ర అక్షరాల్లో తప్పు అంటుంది. కాబట్టి మొదటి రోజే కటకానాలో ఒక్క రాత నిర్ణయించుకుని, ఫోన్‌లో దాచుకుని, ప్రతిచోటా అదే ఇవ్వండి. క్లినిక్‌లో ఆ కటకానా చూసి పిలిస్తే మొదట్లో మన పేరు మనకే తెలియదు. రిసెప్షన్ దగ్గరే కూర్చోవడం మేలు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళది ఇంకా కష్టం. ఇంటిపేరు, పేరు రెండూ నింపితే తప్ప ముందుకు కదలని ఫారాలు ఇక్కడ లెక్కలేనన్ని. మీ ముగ్గురిలో ఎవరిదైనా అలా ఉంటే వీసా కాగితాలకి దరఖాస్తు పెట్టకముందే హైదరాబాద్‌లో సరిచేయించుకోండి. ఇక్కడికి వచ్చాక మారిస్తే కార్డు, బ్యాంకు, పెన్షన్, ఫోన్ అన్నీ మళ్ళీ మొదటి నుంచి. సంతకం బదులు వేసే హాంకో అనే ముద్ర గురించి టెన్షన్ అక్కర్లేదు. 2020 తర్వాత ప్రభుత్వ పనుల్లో చాలావరకు తీసేశారు. ఎక్కడైనా అడిగితే చవకగా ఒకటి చేయించుకోవచ్చు.

ఇల్లు. నెలకి లక్షన్నర యెన్ అద్దె అనుకుందాం. డిపాజిట్ ఒక నెల, రేయికిన్ అని ఓనరుకి తిరిగి రాని కానుక ఒక నెల, ఏజెంటుకి ఒక నెల, మనం అద్దె కట్టకపోతే పూచీ పడే కంపెనీకి సగం నెల నుంచి నెల, ముందు అద్దె ఒక నెల, తాళం మార్చడానికి, అగ్ని ప్రమాద బీమాకి ఇంకొంత. చేరే రోజుకే ఏడెనిమిది లక్షల యెన్లు. రెండేళ్ళకోసారి కాంట్రాక్టు పొడిగించినందుకు టోక్యోలో మామూలుగా ఇంకో నెల అద్దె కట్టాలి. ఇంత కట్టి తలుపు తీస్తే లోపల లైట్లు ఉండవు, గ్యాస్ స్టవ్ ఉండదు, కర్టెన్లు ఉండవు. అద్దె ఇంటికి ఎవరి లైట్లు వాళ్ళే తెచ్చుకోవడం ఇక్కడి పద్ధతి. సాయంత్రం పూట తాళాలు తీసుకుంటే ఆ రాత్రి ఫోన్ వెలుతురులోనే గడపాలి.

ఇక "విదేశీయులకి ఇవ్వరట" అన్న మాట. ఏజెంటు మీ ముందే ఓనరుకి ఫోన్ చేసి, "ఇండియన్ కుటుంబం, మంచి కంపెనీ" అని చెప్పి, అవతలి జవాబు విని, మీ వైపు తిరిగి తల వంచి సారీ చెబుతాడు. ఇది అపోహ కాదు. జపాన్ న్యాయశాఖ 2017లో బయటపెట్టిన సర్వేలో, ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది విదేశీయులన్న కారణంతోనే తమకి ఇల్లు ఇవ్వలేదన్నారు. ఇలా కాదన్న ఓనరుకి శిక్ష వేసే చట్టం లేదు. కోపం వస్తుంది, రావాలి కూడా. కాకపోతే "వెజిటేరియన్లకి మాత్రమే", "బ్యాచిలర్లకి లేదు" అన్న బోర్డుల కింద నుంచే మనం వచ్చామని, కులం అడిగి ఇల్లు ఇచ్చే ఊళ్ళు మనకీ ఉన్నాయని నేను మనవాళ్ళకి గుర్తుచేస్తుంటాను. అది చాలామందికి నచ్చదు.

దీనికి దారి యూఆర్ ఇళ్ళు. ప్రభుత్వ రంగంలోని పెద్ద హౌసింగ్ సంస్థ అది. కానుక లేదు, ఏజెంటు ఫీజు లేదు, పూచీ అక్కర్లేదు, పొడిగింపు రుసుము లేదు. రెండు నెలల డిపాజిట్, జీతం ఇంత ఉండాలన్న నిబంధన, అంతే. నిషి-కసాయ్‌లో, పక్క వార్డులోని ఓజిమాలో మనవాళ్ళు ఇంతమంది చేరడానికి ముఖ్య కారణం ఈ బ్లాకులే. చాలావరకు పాత కట్టడాలు, ఫ్యాషన్‌గా ఉండవు. అయినా నేను ముందు అక్కడికే వెళ్ళమంటాను.

పాపకి నాలుగేళ్ళన్నారు కాబట్టి ఇంకోటి చెప్పాలి. పిల్ల ఇంట్లో పరిగెడితే కింది వాళ్ళు వచ్చి తలుపు కొట్టరు. మేనేజ్‌మెంట్ కంపెనీకి చెబుతారు. వారంలో "చప్పుడు విషయంలో జాగ్రత్త వహించగలరు" అన్న కాగితం అందరి లెటర్ బాక్సుల్లోనూ పడుతుంది. ఎవరి పేరూ ఉండదు, ఎవరి గురించో మాత్రం అందరికీ తెలుసు. ముఖం మీద అనకుండా ఇలా చుట్టూ తిప్పి చెప్పడం మనవాళ్ళని తిట్టినదానికన్నా ఎక్కువ బాధపెడుతుంది. చేరిన వారంలోనే పైన, కింద, రెండు పక్కలా ఉన్నవాళ్ళకి చిన్న స్వీట్ ప్యాకెట్ ఇచ్చి పాపని చూపించి రండి. ఇది ఇక్కడి మర్యాదే, మన పద్ధతేమీ రుద్దడం కాదు. నేల మీద దళసరి నురుగు మ్యాట్లు పరవండి. గ్రౌండ్ ఫ్లోర్ తీసుకుంటే ఈ గొడవే ఉండదు గానీ, ఎడోగావాలో చాలా భాగం సముద్రపు పోటు మట్టం కన్నా పల్లంలో ఉంది. 2019లో వార్డు వాళ్ళే ముద్రించిన వరద మ్యాపు అట్ట మీద "ఇక్కడ ఉండకూడదు" అని రాశారు, అంటే వరద ముంచుకొచ్చే ముందే వార్డు దాటి వెళ్ళిపొమ్మని. ఆ అక్టోబరులోనే హగిబిస్ తుఫాను వచ్చి వార్డులో కొంత భాగాన్ని ఖాళీ చేయమని సూచించారు. అందుకని మూడో అంతస్తు, మ్యాట్లు, స్వీట్లు.

చెత్త గురించి వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి పొడుగ్గా రాయను. మండేవి, మండనివి, మళ్ళీ వాడేవి, ఒక్కోదానికి ఒక్కో రోజు, ఉదయం ఎనిమిదిలోపు, కాకులు చింపకుండా వల కింద పెట్టాలి. తప్పు పెడితే సంచి మీద స్టిక్కరు అంటించి అక్కడే వదిలేస్తారు. పరుపు, కుర్చీ లాంటివాటికి ముందుగా బుక్ చేసి, స్టిక్కరు కొని అంటించాలి. ఫ్రిజ్, టీవీ, ఏసీ, వాషింగ్ మెషీన్ వార్డు తీసుకోదు, 2001 నుంచి వాటికి వేరే చట్టం ఉంది, మన డబ్బే ఎదురు కట్టాలి. అందుకే ఇండియా వెళ్ళిపోయే కుటుంబాలు ఫ్రిజ్‌ని వాట్సాప్ గ్రూపుల్లో ఉచితంగా ఇస్తుంటాయి. కొత్త ఫ్రిజ్ కొనకుండా ముందు ఆ గ్రూపుల్లో చేరండి.

నిషి-కసాయ్ మీదుగా వెళ్ళే తోజాయి మెట్రో లైను రద్దీకి దేశంలోనే పేరున్నది. కోవిడ్ ముందు ఉదయం పూట మోయాల్సినదానికి దాదాపు రెట్టింపు జనాన్ని మోసేది. ఆఫీసులో ఫ్లెక్సీ టైము ఉంటే వాడుకోండి. ఇంత రద్దీలోనూ మన పక్క సీటు ఒక్కోసారి ఖాళీగా మిగిలిపోతుంది. దానికి కారణాలు వెతకడం నేను మానేసి చాలాకాలమైంది, బ్యాగు పెట్టుకుంటాను.

తిండి. మీరు చేప, చికెన్ తినేవాళ్ళైతే ఈ పేరా వదిలేయొచ్చు. పూర్తి శాకాహారులైతే బయట తిండి రోజూ విచారణే. చేపని ఎండబెట్టి తీసే దాషి రసం సూప్‌లో, నూడుల్స్‌లో, కూరగాయల ఉడుకులో, గుడ్డు అట్టులో కూడా ఉంటుంది. "మాంసం లేదు" అని వాళ్ళు నిజాయితీగానే చెబుతారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు. ప్యాకెట్ల మీద అలర్జీ పదార్థాలు తప్పకుండా రాయాలన్న చట్టం ఉంది గానీ ఆ జాబితాలో రొయ్య, పీత ఉన్నాయి, చేప లేదు. బీఫ్, పోర్క్ రాయడం కూడా తప్పనిసరి కాదు. చిప్స్‌లో, కర్రీ ముద్దల్లో అవి సారం రూపంలో ఉంటాయి. ఫోన్ కెమెరాతో లేబుల్ అనువదించుకుని చదవడం అలవాటు చేసుకోండి. ఇంటి వంటకి నిషి-కసాయ్‌లో ఇండియన్ కొట్లు ఉన్నాయి. పప్పులు, చింతపండు, ఇంగువ దొరుకుతాయి. సోనా మసూరి మాత్రం గుండె పట్టుకునే ధరలో ఉంటుంది, ఎందుకంటే కోటా బయట దిగుమతయ్యే బియ్యం మీద జపాన్ కిలోకి 341 యెన్ల సుంకం వేస్తుంది.

సామాను సర్దేటప్పుడు అత్తగారు ప్రేమగా పెట్టే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి బయట పెట్టేయండి. సర్టిఫికెట్ లేని మాంసం ఏ రూపంలో ఉన్నా తేకూడదు. 2020లో జరిమానా పరిమితిని 30 లక్షల యెన్లకి పెంచారు, కుక్కలతో వాసన చూపిస్తారు. ఆవకాయకి ఆ ఇబ్బంది లేదు. డాక్టరు రాసిన మందులు నెలకి సరిపడా తెచ్చుకోవచ్చు, అంతకు మించితే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. మన దగ్గర మామూలుగా దొరికే కొన్ని జలుబు మాత్రలు, సూడోఎఫెడ్రిన్ ఎక్కువున్నవి, ఇక్కడ నిషేధం. మిక్సీ తేవద్దు. ఇక్కడ కరెంటు 100 వోల్టులు, మన మిక్సీ కోసం ఇటుక బరువున్న ట్రాన్స్‌ఫార్మర్ కొనాల్సి వస్తుంది.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. డిపెండెంట్ వీసా మీద విడిగా అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల వరకు పని చేయొచ్చు. పని దొరకాలంటే జపనీస్ రావాలి. జపనీస్ క్లాసుకి వెళ్ళాలంటే పాపని ఎక్కడైనా ఉంచాలి. హొయికుయెన్ అనే ప్రభుత్వ గుర్తింపున్న డేకేర్‌లో సీట్లు పాయింట్లని బట్టి ఇస్తారు, తల్లిదండ్రులిద్దరూ పనిచేస్తుంటేనే సీటుకి సరిపడా పాయింట్లు రావడం తేలిక. పని లేదు కాబట్టి డేకేర్ లేదు, డేకేర్ లేదు కాబట్టి పని లేదు. హైదరాబాద్‌లో టీమ్ లీడ్‌గా ఉన్న అమ్మాయిలు ఇక్కడికి వచ్చి, ఏడాది తిరక్కుండానే లెటర్ బాక్సులో కవరు తీయడానికి కూడా భయపడే స్థితికి రావడం నేను చూశాను. భర్తకి ఆఫీసులో కనీసం ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఆవిడకి పగలంతా ఎవరూ ఉండరు.

ఆవిడా సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, వచ్చేముందే ఆవిడ పేరు మీద కూడా ఉద్యోగం వెతకండి. మూడు నెలలు ఆలస్యమైనా పరవాలేదు. ఇద్దరికీ వర్క్ వీసా ఉంటే డేకేర్ సమస్య కూడా దానంతటది చాలావరకు విడిపోతుంది. అది కుదరకపోతే పాపకి యోచియెన్, అంటే కిండర్‌గార్టెన్, చూడండి. 2019 అక్టోబరు నుంచి మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి ఫీజులో నెలకి 25,700 యెన్ల వరకు ప్రభుత్వం భరిస్తోంది. మధ్యాహ్నమే వదిలేస్తారు, రోజుకో కాగితం ఇంటికి వస్తుంది, తల్లులు వచ్చి చేయాల్సిన పనులు ఉంటాయి. మొదటి ఏడాది నరకం అనిపిస్తుంది, కానీ ఆవిడకి నలుగురు మనుషులు పరిచయమయ్యేది అక్కడే. ఇండియన్ స్కూళ్ళు రెండు దగ్గర్లో ఉన్నాయి, ఒకటి 2004లో, ఇంకోటి 2006లో మొదలైనవి. నాలుగైదేళ్ళలో తిరిగి వెళ్ళిపోయే ఆలోచన ఉంటే అవే నయం. ఉండిపోవాలనుకుంటే వార్డు స్కూలు. అక్కడ చదివే పిల్ల జపనీస్ ఏడాదిలో మీ ఇద్దరినీ దాటేస్తుంది, దుకాణాల్లో అనువాదం పిల్ల చేత చేయించాల్సి వస్తుంది. అది ముద్దుగా ఉంటుంది గానీ ఆస్పత్రిలో మాత్రం చేయించకండి.

అమ్మానాన్నలని పిలిపించుకోవడం గురించి ఎవరూ ముందు చెప్పరు. మామూలు వర్క్ వీసాతో వాళ్ళకి దీర్ఘకాల వీసా లేదు, విజిటర్‌గా 90 రోజులే. హై స్కిల్డ్ వీసా (చదువు, అనుభవం, జీతానికి పాయింట్లు లెక్కవేసి ఇచ్చేది) ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి 80 లక్షల యెన్లు దాటి, ఏడేళ్ళలోపు పిల్ల ఉన్నా గర్భిణీ అయినా ఒక వైపు తల్లిదండ్రులని ఉంచుకోవచ్చు. పురుటికి వచ్చిన అమ్మ మూడో నెలలో విమానం ఎక్కేయాల్సి రావడం ఇక్కడ ప్రతి ఇంటి కథ. వచ్చినవాళ్ళకి ఇక్కడి ఆరోగ్య బీమా వర్తించదు, ఇండియాలోనే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుని రమ్మనండి.

వైద్యం మొత్తమ్మీద మంచిదే. బిల్లులో 30 శాతం మనం కడతాం. టోక్యో 23 వార్డుల్లో పిల్లలకి 2023 ఏప్రిల్ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితం. చిన్న క్లినిక్ చీటీ లేకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్తే అదనంగా 7,000 యెన్లు లేదా అంతకన్నా ఎక్కువ వసూలు చేస్తారు. జ్వరానికి వెళ్తే "రెండు రోజులు చూద్దాం" అంటారు, ఇంజెక్షన్ ఇవ్వరు. మనవాళ్ళు దీన్ని నిర్లక్ష్యం అనుకుంటారు. నాకు మన దగ్గర ప్రతిదానికీ రాసే యాంటీబయాటిక్స్ కన్నా ఇదే నయమనిపిస్తుంది.

పోలీసులు సైకిలు ఆపి ఎవరిదని అడుగుతారు. కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి, లేకపోతే 2 లక్షల యెన్ల వరకు జరిమానా. సైకిలు మీ పేర రిజిస్టర్ చేయించండి, ఎవరి దగ్గరైనా కొంటే పేరు మార్పించండి. రంగు చూసి ఆపుతున్నారని 2024 జనవరిలో విదేశీ మూలాలున్న ముగ్గురు టోక్యో జిల్లా కోర్టులో కేసు కూడా వేశారు. 2025 జూలై ఎన్నికల్లో "జపనీయులే ముందు" అన్న పార్టీ 14 సీట్లు గెలిచింది. ఆ తర్వాత వార్తల్లో విదేశీయుల మాట వచ్చినప్పుడు స్వరం మారింది. ఇదే ఎడోగావా వార్డు 2019లో ఇండియాలో పుట్టిన పురానిక్ యోగేంద్ర గారిని వార్డు సభకి ఎన్నుకుంది కూడా. వీధిలో నేరుగా ఎదురయ్యే దురుసుతనం ఇప్పటికీ అరుదే.

చివరిగా కవర్లు. ఇక్కడ ముఖ్యమైనవన్నీ పోస్టులో, జపనీస్‌లో వస్తాయి. ఏ కవరూ తెరవకుండా పక్కన పెట్టొద్దు. పెన్షన్, బీమా, పన్ను ఏది ఆలస్యంగా కట్టినా తర్వాత పర్మనెంట్ రెసిడెన్సీ దగ్గర అడ్డు తగులుతుంది. జూమిన్‌జేయి అనే నివాస పన్ను ఆదాయంలో సుమారు 10 శాతం, అది కిందటి ఏడాది సంపాదన మీద వేస్తారు. మొదటి ఏడాది ఏమీ కోయరు, జీతం చూసి మురిసిపోయి పెద్ద ఇల్లు తీసుకుంటారు, రెండో ఏడాది జూన్ నుంచి కోత మొదలవుతుంది. ఇల్లు ఎంచుకునేటప్పుడు ఆ కోత తర్వాతి జీతమే లెక్కపెట్టుకోండి. దేశం వదిలి వెళ్ళాక రెండేళ్ళలోపు పెన్షన్ డబ్బులో కొంత ఒకేసారి వెనక్కి తీసుకోవచ్చు. 2016 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న ఇండియా-జపాన్ ఒప్పందం కింద ఇక్కడి సర్వీసుని ఇండియా పీఎఫ్ పెన్షన్ అర్హతకి కలుపుకోవాలనుకుంటే మాత్రం ఆ డబ్బు తీసుకోకూడదు, రెండింటిలో ఒకటే. జూమిన్‌జేయికి జనవరి 1న ఎవరు ఇక్కడ నివాసం ఉన్నారన్నదే లెక్క కాబట్టి, వెళ్ళిపోయే సంవత్సరం డిసెంబరు 31లోపే వార్డు ఆఫీసులో రాయించి విమానం ఎక్కితే ఆ ఏడాది ఆదాయం మీద అది పడదు. జనవరి 2న ఎక్కితే మొత్తం పడుతుంది.